ముఠా లేని ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య

ఫిబ్రవరి 14 దామోదరం సంజీవయ్య జయంతి. ఆ రోజు కర్నూలులోనూ హైదరాబాదులోనూ ఆయన విగ్రహాలకు దండలు పడతాయి. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అన్న మాటను అన్ని పార్టీల నాయకులూ ఒకసారి చెప్పేసి వెళ్ళిపోతారు. ఆయన ఆ కుర్చీ దాకా ఎలా వచ్చారు, రెండేళ్ళకే ఎందుకు దిగాల్సి వచ్చింది, ఆయన తర్వాత అరవై ఏళ్ళు దాటినా ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని ఇంకొక దళితుడు ముఖ్యమంత్రి ఎందుకు కాలేదు అన్న ప్రశ్నలు మాత్రం ఆ సభల్లో వినబడవు.

మేము ఈ ప్రశ్నలను కడప జిల్లా కమలాపురం నుంచి అడుగుతున్నాం. సంజీవయ్యది ఈ ఊరు కాదు. ఆయన పుట్టింది కర్నూలు పక్కనున్న పెద్దపాడులో. పాపాఘ్ని వచ్చి పెన్నలో కలిసే చోటుకు దగ్గరగా, దర్గా ఉరుసుకు పేరు పడిన ఈ చిన్న పట్టణం చుట్టూ ఉన్న పల్లెల్లో దళితుల ఓటు ఎలా పడుతుంది, ఎవరి చేతిలో ఉంటుంది అన్నది మా పరిశోధన. ఏ పల్లెకు పోయినా అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు మొదట తెలుసుకోవాలనుకునేది మేము ఏ యూనివర్సిటీ అన్నది కాదు, ఎవరి మనుషులం అన్నది. రాయలసీమలో మనిషికి ఊరు, కులం ఎట్లాగో వర్గం కూడా అట్లాగే. ఈ నేల మీద పుట్టి, ఏ వర్గానికీ పెద్ద కాకుండా, వెనక వేటకొడవళ్ళు పట్టిన మనుషులు లేకుండా రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మనిషి సంజీవయ్య. అందుకే ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి చూడాలనిపించింది.

ఆయన 1921లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. సొంత భూమి లేదు. మగ్గం పని, కూలి పని, పశువులు కాయడం ఆ ఇంటి బతుకు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. మేనమామ దగ్గర పెరిగే రోజుల్లో సంజీవయ్య కూడా పశువులు కాశారు. తర్వాత కర్నూలులో బడి. 1938లో ఎస్సెస్సెల్సీ మంచి మార్కులతో పాసయ్యారు. అక్కడి నుంచి అనంతపురం దత్తమండల కళాశాలలో చేరి 1942లో బీఏ పూర్తి చేశారు. అప్పటి కర్నూలు, కడప, అనంతపురం, బళ్ళారి జిల్లాల నుంచి ఆ కాలేజీకి వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది రెడ్ల ఇళ్ళ పిల్లలు, బ్రాహ్మణ గుమాస్తాల పిల్లలు. వాళ్ళ నడుమ లెక్కలు చదువుకున్న మాల పిల్లవాడు ఎట్లా నెట్టుకొచ్చాడో ఊహించుకోవాల్సిందే. తన బాధల గురించి ఆయన ఎక్కువగా చెప్పుకున్న మనిషి కాదు.

డిగ్రీ చేతికి వచ్చాక దొరికిన ఉద్యోగం కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తా. అది యుద్ధ కాలం. బియ్యం, కిరసనాయిలు, గుడ్డ అన్నీ కార్డు మీద ఇచ్చే రోజులు. ఆ తర్వాత ఇంకొన్ని చిన్న ఉద్యోగాలు చేసి, మద్రాసు లా కాలేజీలో చేరారు. చదువుకుంటూనే ఖర్చుల కోసం పిల్లలకు పాఠాలు చెప్పారు. 1950లో న్యాయవాది అయ్యారు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క ఏళ్ళు.

ఈ వేగం చూస్తే ఎవరికైనా అద్భుతంగా అనిపిస్తుంది. అయితే ఇందులో ఇంకో విషయం ఉంది. రిజర్వుడు స్థానాల నుంచి గెలిచే దళితుడిని గెలిపించేది ఎక్కువగా దళితేతరుల ఓట్లు. 1932 పూనా ఒప్పందంలో అంబేద్కర్ ఇష్టం లేకుండా ఒప్పుకోవాల్సి వచ్చిన ఏర్పాటు అది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రెండు ఎన్నికల్లో చాలాచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు గెలిచేవాళ్ళు, ఒకరు జనరల్, ఒకరు రిజర్వుడు. ఈ ద్విసభ్య పద్ధతిని 1961లో చట్టం చేసి ఎత్తేశారు. అందువల్ల రాయలసీమలో రిజర్వుడు అభ్యర్థి ఎవరన్నది ఊరి పెద్ద రెడ్డి, తాలూకా నాయకుడు, జిల్లా కాంగ్రెస్ కలిసి తేల్చే వ్యవహారం. దళితవాడకు అందులో చెప్పే మాట ఏమీ లేదు. సంజీవయ్య తెలివితో, చదువుతో, మాటనేర్పుతో ఎదిగారు. ఆ ఎదుగుదలకు తలుపు తెరిచిన వాళ్ళు వేరే ఉన్నారు. తలుపు తాళం కూడా వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఆ పెద్దరికం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసినప్పుడు ఇక్కడ ఊరూరా పాళెగాళ్ళు, వాళ్ళ కోటలు, వాళ్ళ బంట్లు ఉన్నారు. థామస్ మన్రో వచ్చి పాళెగాళ్ళను అణిచి, రైత్వారీ పెట్టాడు. కోటలు కూలాయి గాని మనుషులను వెంట తిప్పుకుని ఊరిని గుప్పిట్లో పెట్టుకునే అలవాటు కూలలేదు. వాన తక్కువ నేల. నీళ్ళున్న కాస్త భూమి ఎవరిదైతే వాడి మాటే చెల్లుతుంది. కరువు వచ్చినప్పుడు గింజలు, అప్పు, పని ఇచ్చేవాడి వెనక ఊరు నడుస్తుంది. మాల, మాదిగ గేరిల్లో జీతగాళ్ళు ఒక ఇంటికి కట్టుబడి ఉంటారు. యజమానికి కక్ష ఉంటే అది జీతగాడి కక్ష కూడా. పండుగ రోజు పెద్ద ఇంటి నుంచి బువ్వ వస్తుంది. గొడవ రోజు ఆ ఇంటి తరఫున కర్ర పట్టుకుని పోవాల్సింది కూడా ఆ బువ్వ తిన్నవాడే. మానవ హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ సీమ ఫ్యాక్షన్ గురించి ఎంతో రాశారు. ఇది ఈ నేల మనుషుల రక్తంలో ఉన్న గుణమని చెప్పే సినిమా కథను ఆయన ఒప్పుకోలేదు. ఆర్థిక, రాజకీయ ఆధిపత్యం కోసం నడిచే పద్ధతిగా దాన్ని చూశారు. మేము తిరిగిన పల్లెల్లో మాకూ అదే కనబడింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలు అయింది. శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు ఇచ్చిన మాట మేరకు వచ్చిన రాజధాని అది. కట్టడాలు లేక గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. ప్రకాశం పంతులు మంత్రివర్గంలో సంజీవయ్య మంత్రి. పశువులు కాసిన పల్లెకు కూతవేటు దూరంలో, ఒకప్పుడు రేషను గుమాస్తాగా తిరిగిన పట్టణంలో ఆయన మంత్రిగా తిరిగారు. ఆ తర్వాత బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి మంత్రివర్గాల్లోనూ ఉన్నారు. 1954లో కృష్ణవేణితో పెళ్ళయింది.

1959 డిసెంబరు నాటికి నీలం సంజీవరెడ్డిని అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీకి తీసుకుపోవాలని నిర్ణయమైంది. రాష్ట్రంలో ఆయన స్థానం ఎవరికివ్వాలి? కాంగ్రెస్ నిండా వర్గాలే. రెడ్డి వర్గాలు, కమ్మ వర్గాలు, కోస్తా వర్గాలు, తెలంగాణ వర్గాలు. ఒక వర్గానికి ఇస్తే ఇంకొక వర్గం ఊరుకోదు. ఎవరికీ భయం పుట్టించని మనిషి కావాలి. అలా 1960 జనవరి 11న ముప్పై ఎనిమిదేళ్ళ సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఏ వర్గానికీ నాయకుడు కాకపోవడమే ఆయన అర్హత అయింది. మా లెక్కలో ఆయన బలహీనత కూడా అదే. ఇది ఆయన్ను తక్కువ చేసే మాట కాదు. ఆ రోజు కాంగ్రెస్‌లో వర్గం అంటే భూమి, బంధుత్వం, తాలూకాల్లో తన కోసం తల పగలగొట్టించుకునే మనుషులు. మాలపల్లెలో పుట్టినవాడికి అవి ఎక్కడి నుంచి వస్తాయి?

ఆ కుర్చీలో కూర్చున్న రెండేళ్ళ రెండు నెలల్లో ఆయన చేసిన పనులు చూస్తే, ఆడిన మాట తప్పకుండా నిలబడాలన్న తపన కనిపిస్తుంది. దిక్కులేని ముసలివాళ్ళకు పింఛను ఇచ్చే పథకం ఆయన హయాంలోనే మొదలైంది. ఈ రోజు ఏ ప్రభుత్వం వచ్చినా నెల మొదటి తేదీన గొప్పగా చెప్పుకునే పింఛనుకు మూలం అక్కడ ఉంది. 1961లో అవినీతి నిరోధక శాఖను విడిగా ఏర్పాటు చేశారు. బంజరు భూములు భూమిలేని పేదలకు, ముఖ్యంగా దళితులకు పంచడాన్ని పట్టుదలగా నడిపించారు.

భూమి సంగతి దగ్గర మేము కాసేపు ఆగాలి. పట్టా ఇవ్వడం హైదరాబాదులో జరిగే పని. ఆ చేలో నాగలి కట్టడం ఊళ్ళో జరగాలి. ఫ్యాక్షన్ ఊళ్ళో పట్టా కాగితం పెట్టెలో ఉంటుంది, చేను ఇంకొకడి కింద ఉంటుంది. అప్పు కింద పోయిన భూములు ఉన్నాయి, బెదిరిస్తే వదిలేసినవి ఉన్నాయి. ఒక వర్గం మనిషి దున్నుకుంటుంటే అడిగే ధైర్యం లేక పోయినవీ ఉన్నాయి. ఇది ఎంత విరివిగా జరిగిందంటే, అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టం ఉండి కూడా డీకేటీ పట్టాల గొడవలు ఈ రోజుకీ ఎమ్మార్వో ఆఫీసుల గుమ్మాల దగ్గర కనబడతాయి. మేము మాట్లాడిన ఒక పెద్దావిడ తన మామకు వచ్చిన పట్టాను పాలిథిన్ కవరులో దాచుకుంది. చేను ఎక్కడుందో ఆమెకు తెలుసు. అందులో అడుగు పెట్టింది మాత్రం కూలికి పోయినప్పుడే.

సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యే నాటికి ఇంకో మార్పు కూడా మొదలైంది. 1959 నవంబరు 1న రాష్ట్రంలో పంచాయతీ రాజ్ ప్రారంభమైంది. ఊరికి సర్పంచి, బ్లాకుకు సమితి ప్రెసిడెంటు, జిల్లాకు జిల్లా పరిషత్ చైర్మన్. ప్రజాస్వామ్యం ఊరి దాకా రావాలన్న మంచి ఉద్దేశమే. కానీ సీమలో ఊరి దాకా వచ్చిన ప్రజాస్వామ్యానికి అక్కడ ఎదురైంది ఊరి ముఠా. అప్పటిదాకా చేను గట్టు కోసం, చెరువు నీళ్ళ కోసం, పరువు కోసం కొట్టుకున్న రెండు ఇళ్ళకు ఇప్పుడు కొట్టుకోవడానికి ఇంకా పెద్దది దొరికింది. సమితి ప్రెసిడెంటు చేతికి రోడ్డు పనులు, ఎరువులు, అప్పులు, టీచర్ల బదిలీలు వచ్చాయి. ఆ కుర్చీ కావాలంటే సర్పంచులు కావాలి. సర్పంచులు కావాలంటే ఊళ్ళు చేతిలో ఉండాలి. ఊరు చేతిలో ఉండాలంటే భయం ఉండాలి.

అప్పటి ప్రభుత్వం దీన్ని ఊహించిందని మాకు అనిపించదు. సంజీవయ్యది నమ్మకస్తుడి స్వభావం. చట్టం, చదువు, ఆఫీసు, ఫైలు వీటి ద్వారా మనుషుల బతుకులు మారుతాయని ఆయన నమ్మారు. ఆయన బతుకు అట్లాగే మారింది కాబట్టి ఆ నమ్మకంలో తప్పు పట్టలేం.

1962 ఎన్నికల్లో ఆయన కోడుమూరు నుంచి గెలిచారు. రాష్ట్రంలో కాంగ్రెస్ కూడా గెలిచింది. గెలిచిన పార్టీ ముఖ్యమంత్రి మళ్ళీ ముఖ్యమంత్రి కావడం మామూలు సంగతి. కానీ మార్చి 12న ఆ కుర్చీలో తిరిగి కూర్చున్నది నీలం సంజీవరెడ్డి. సంజీవరెడ్డి ఖాళీ చేసిన కాంగ్రెస్ అధ్యక్ష పదవి సంజీవయ్యకు దక్కింది. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నట్టు లెక్క. కాంగ్రెస్‌కు తొలి దళిత అధ్యక్షుడన్న గౌరవం ఆయన పేరు పక్కన చేరింది. చరిత్ర పుస్తకాల్లో ఇది పదోన్నతిగా కనిపిస్తుంది. మాకు మాత్రం ఇది అసలు యజమాని తిరిగి వచ్చేదాకా ఇల్లు చూసుకోమని అప్పగించిన వ్యవహారంలాగే కనిపిస్తుంది.

తర్వాత రెండేళ్ళకు జరిగింది ఇంకా ఆసక్తికరం. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసే పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తమ రాజకీయ ప్రత్యర్థులను దెబ్బ కొట్టడానికే ముఖ్యమంత్రి ఆ రూట్లను ఎంచుకున్నారని వాళ్ళ ఆరోపణ. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం వేయలేదు. కోర్టు వ్యాఖ్యలు చేసింది, 1964లో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. విద్యార్థులు ఈ కేసును పరిపాలనా చట్టం పాఠంగా చదువుతారు. మేము సీమ చరిత్ర పాఠంగా కూడా చదవాలంటాం. ఫ్యాక్షన్ అంటే నాటుబాంబు, వేటకొడవలి మాత్రమే కాదు. ఎదుటి వర్గం వాడి బస్సు పర్మిట్టు, వాడి బావి కరెంటు, వాడి కొడుకు ఉద్యోగం, వాడి కాంట్రాక్టు బిల్లు, వీటన్నిటినీ ప్రభుత్వం చేత్తో కొట్టడం కూడా ఫ్యాక్షనే. బాంబులు తర్వాత వచ్చాయి. రాష్ట్రాన్ని ఒక ముఠా ఆస్తిలా వాడుకునే అలవాటు అంతకుముందే వచ్చింది. రాజీనామా చేసిన నాయకుడికి కనీసం కోర్టు మాటకు తలవంచాలన్న మర్యాద ఉండేది. ఆ తర్వాతి తరాల్లో అదీ పోయింది.

ఆ తర్వాతి తరాల సంగతి కమలాపురం చుట్టుపక్కల అందరికీ తెలుసు. సారా పాటలు, రోడ్డు కాంట్రాక్టులు, నాపరాయి గనులు, మంగంపేట ముగ్గురాయి, సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు. డబ్బు వచ్చే దారులు పెరిగిన కొద్దీ ముఠాలకు మనుషులు, మందుగుండు పెరిగాయి. నాయకులూ చచ్చారు. 1998లో కడప జిల్లాలో వైఎస్ రాజారెడ్డి, 2005లో అనంతపురంలో పరిటాల రవి హత్యలు దేశమంతా వార్తలయ్యాయి. వాళ్ళ వెంట, వాళ్ళ ముందు, వాళ్ళ తర్వాత చచ్చిన పాలేర్లు, డ్రైవర్లు, జీతగాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ లేవు. దాడికి పోయేటప్పుడు ముందు నడిచేవాడు దళితుడు, బీసీ. కేసు పడినప్పుడు తన మీద వేసుకుని జైలుకు పోయేవాడూ వాడే. వాయిదాలకు తిరగలేక గొడ్లు అమ్ముకునేది వాడి భార్య. రాజీ కుదిరినప్పుడు రెండు వర్గాల పెద్దలు ఒకే పెళ్ళి పందిట్లో కూర్చుంటారు.

కర్నూలు జిల్లాలో, సంజీవయ్య పుట్టిన జిల్లాలోనే, 1998 జూలైలో వెంపెంటలో దళితులను ఊచకోత కోశారు. నక్సలైట్లు చేసిన హత్యకు ప్రతీకారం పేరుతో అది జరిగింది. తుపాకీ పట్టినవాళ్ళు అడవికి వెళ్ళిపోయారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు వాళ్ళ లెక్కకు బదులు చెప్పాల్సి వచ్చింది. పేదల పేరుతో జరిగినా, కులం పేరుతో జరిగినా, ముఠా పేరుతో జరిగినా హింసకు చివరికి చేరే చిరునామా ఒకటే ఉండడం మేము చాలా ఊళ్ళలో చూశాం. ఈ మాట అంటే కొందరు మిత్రులు ఒప్పుకోరు. హింసను ఎవరు మొదలుపెట్టారన్నది ముఖ్యమని వాళ్ళంటారు, అది నిజమే. ఎవరి ఇంటి దగ్గర అది ముగుస్తుందన్నది కూడా చూడమని మేమంటాం.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన చివరి పెద్ద ప్రసంగంలో అంబేద్కర్ ఇదే భయపడ్డారు. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు రక్తపాత మార్గాలను వదిలేయాలని హెచ్చరించారు. నాయకుడి కాళ్ళ దగ్గర స్వేచ్ఛను పెట్టే భక్తి రాజకీయాల్లో నియంతృత్వానికి దారి తీస్తుందన్నారు. ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం అన్న వైరుధ్యాన్ని ఎక్కువ కాలం మోస్తే ప్రజాస్వామ్యమే కూలిపోతుందన్నారు. ఆ మూడు ప్రమాదాలూ ఒకేచోట చూడాలంటే ఫ్యాక్షన్ ఊరికి రావాలి. అక్కడ దళితుడికి ఓటు ఉంది. ఆ ఓటు పెద్ద ఇంటిది. పెద్ద ఇంటాయన దేవుడు. దేవుడికి ఎదురు తిరిగినవాడికి ఊళ్ళో చోటు లేదు.

సంజీవయ్య ఢిల్లీ జీవితం గురించి త్వరగా చెప్పుకుందాం. ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే 1963లో కామరాజ్ ప్రణాళిక వచ్చింది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ మంత్రి అయ్యారు. 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది ఆయన ఆ శాఖలో ఉన్నప్పుడే. ఏటా దసరాకో దీపావళికో ఫ్యాక్టరీ కార్మికుడి చేతికి వచ్చే బోనసు యజమాని దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు అన్నది అప్పుడు స్థిరపడింది. దళితులకు సంక్షేమ శాఖ తప్ప వేరే శాఖలు ఇవ్వని అలవాటున్న పార్టీలో ఆయన కార్మిక శాఖ, ఆ తర్వాత పరిశ్రమల శాఖ చూశారు. కార్మిక సమస్యల మీద పుస్తకం కూడా రాశారు. మా అభిప్రాయంలో ఆయన ప్రతిభ పూర్తిగా బయటపడింది ఇక్కడే. అయినా జయంతి సభల్లో దీన్ని ఎవరూ తలచుకోరు.

1969లో కాంగ్రెస్ చీలింది. రాష్ట్రపతి ఎన్నికల్లో పార్టీ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. సంజీవయ్య ఇందిరాగాంధీ వైపు నిలబడ్డారు. 1971లో జగ్జీవన్‌రామ్ తర్వాత మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. వరుసగా ఇద్దరు దళితులు పాలక పార్టీకి అధ్యక్షులు. వినడానికి గొప్పగా ఉంటుంది. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే పార్టీ అధ్యక్ష పదవిలో అధికారం మిగలకుండా పోయింది. ముఖ్యమంత్రులను ఎమ్మెల్యేలు ఎన్నుకోవడం ఆగి, ప్రధాని ఇంటి నుంచి పేరు రావడం మొదలైంది. మన రాష్ట్రంలోనూ అదే జరిగింది.

ఆయన అధ్యక్షుడిగా ఉన్న 1972 మార్చిలోనే పశ్చిమ బెంగాల్ ఎన్నికలు జరిగాయి. నక్సలైట్ల హత్యలు, పోలీసు ఎదురుకాల్పులు, పార్టీ ముఠాల దాడుల నడుమ జరిగిన ఎన్నికలవి. భారీగా రిగ్గింగ్ జరిగిందని ఆరోపించిన సీపీఎం ఆ శాసనసభను పూర్తిగా బహిష్కరించింది. గెలిచిన పార్టీకి అధ్యక్షుడు సంజీవయ్య. ఆయన చేతులతో ఏదీ జరగలేదు. అది ఆపగలిగే అధికారం కూడా ఆయన దగ్గర లేదు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళను చరిత్ర అడుగుతుంది. ముఠా లేని మనిషి పక్కవాళ్ళ ముఠాల మీద ఆధారపడి పైకి వస్తే, వాళ్ళు చేసే పనులకు తన పేరు కూడా అరువివ్వాల్సి వస్తుంది. ఈ మాట రాయడం మాకు సులభంగా లేదు. ఆయన మీద గౌరవం ఉన్నందువల్లే రాస్తున్నాం.

కాన్షీరామ్ 1982లో చంచా యుగం అన్న పుస్తకంలో పూనా ఒప్పందం పుట్టించిన దళిత నాయకత్వాన్ని అగ్రకుల పార్టీల చేతి పనిముట్టుగా తేల్చేశారు. కారంచేడు తర్వాత పుట్టిన మన ఉద్యమం కూడా కాంగ్రెస్ హరిజన నాయకులను అదే కంటితో చూసింది. అందుకే సంజీవయ్య మన పాటల్లో, మన పుస్తకాల్లో పెద్దగా లేరు. ఆ తీర్పు ఆయన విషయంలో సగమే నిజం అని మేము అనుకుంటున్నాం. ముసలి తల్లులకు పింఛను, కార్మికుడికి బోనసు పనిముట్టు చేసే పనులు కావు. ఆయనకు లేనిది సంకల్పం కాదు, వెనక నిలబడే సొంత జనం. 1950ల్లో సీమ దళితవాడ ఆయన వెనక సంఘంగా నిలబడే స్థితిలో లేదు. పెద్ద ఇంటి వెనక జీతగాడిగా నిలబడి ఉంది.

ఆయన గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. ఆయన ఆస్తులు సంపాదించాడన్న ఫిర్యాదు మీద విచారణకు పెద్దపాడు వచ్చిన వాళ్ళకు, గుడిసె బయట కట్టెల పొయ్యి మీద అన్నం వండుకుంటున్న ముసలావిడ కనబడిందట, ఆమే ముఖ్యమంత్రి తల్లి అట. నిజాయితీపరుడన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. కానీ ఈ కథను అగ్రకుల నాయకులు వేదికల మీద చెప్పేటప్పుడు మాకు చిరాకు కలుగుతుంది. మేడలు కట్టుకున్నవాళ్ళు దళిత నాయకుడి తల్లి గుడిసెను ఆదర్శంగా చూపించడంలో ఏదో సౌకర్యం ఉంది. ఆమెకు మంచి ఇల్లు ఉంటే సంజీవయ్య గొప్పతనం ఏం తగ్గేది? ఆయన చేసిన చట్టాలు చెప్పకుండా ఆయన పేదరికం చెప్పడం వెనక, దళితుడు అధికారంలో ఉన్నా చేయి చాపకుండా ఉండాలన్న కోరిక దాగి ఉందని మా అనుమానం.

1972 మే 7 రాత్రి ఢిల్లీలో గుండెపోటుతో సంజీవయ్య కన్నుమూశారు. యాభై ఒక్క ఏళ్ళు. హైదరాబాదుకు తెచ్చి హుస్సేన్ సాగర్ గట్టున పాటిగడ్డలో అంత్యక్రియలు చేశారు. ఆ పక్కన ఉన్న పార్కుకు ఆయన పేరే. కర్నూలు జిల్లాలో గాజులదిన్నె జలాశయానికి కూడా ఆయన పేరు పెట్టారు. 2008లో తపాలా శాఖ ఆయన పేరున బిళ్ళ విడుదల చేసింది. ఆయన పోయిన కొద్ది నెలలకే రాష్ట్రం ముల్కీ తీర్పు, జై ఆంధ్ర గొడవల్లో కాల్పులు చూసింది.

కోడుమూరు ఇప్పుడు కూడా రిజర్వుడు నియోజకవర్గమే. కమలాపురం జనరల్. రెండు చోట్లా పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏకగ్రీవం అన్న మాట బాగా వినబడుతుంది. ఏకగ్రీవంగా ఎన్నికైన ఊళ్ళకు ప్రభుత్వం ప్రోత్సాహక డబ్బు ఇస్తుంది. గొడవలు లేకుండా ఊరంతా ఒక్క మాట మీద ఉన్నందుకు బహుమతి అన్నమాట. మేము వెళ్ళిన కొన్ని దళితవాడల్లో ఆ ఒక్క మాట ఎవరిదని అడిగితే జవాబు రాలేదు. పోటీ జరిగిన చోట, రెండో వర్గం తరఫున పోలింగ్ బూతులో ఏజెంటుగా కూర్చోవడానికి మనిషి దొరకడం కష్టమని అభ్యర్థులే చెప్పారు. ఈ మధ్య ఎమ్మే, బీఈడీ చదివిన దళిత యువకులు ఇద్దరు ముగ్గురు కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకరు ఏ వర్గం తరఫునా కాక, తమ వాడ నుంచి వార్డు మెంబరుగా నిలబడ్డ సొంత మనిషి తరఫున కూర్చున్నాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా బూతులోంచి కదల్లేదు. అన్నం కూడా ఇంటి నుంచి వాళ్ళ అక్క తెచ్చి ఇచ్చింది.